ఆఫీసుకు కారులో: పెట్రోలుకు ఎంత, కరెంటుకు ఎంత? హైదరాబాద్ లెక్కలతో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హబ్సిగూడ, ఆఫీసు హైటెక్ సిటీలో. రానుపోను రోజుకు దాదాపు 50 కిలోమీటర్లు. ఏడేళ్లు పెట్రోలు కారు నడిపాను. రెండేళ్లుగా కరెంటు కారు నడుపుతున్నాను. లిఫ్టులో కలిసినా, క్యాంటీన్‌లో కలిసినా, పెళ్లి భోజనాల బంతిలో పక్కన కూర్చున్నా అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే లెక్కలతో సహా అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇందులోని ధరలు నేను లెక్క కట్టినప్పటివి. కొనేముందు ఆ రోజు రేట్లు వేసి మళ్లీ కట్టుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

ముందు ఒక్క మాటలో చెప్పండి, కిలోమీటరుకు ఎంత తేడా?

సిటీ ట్రాఫిక్‌లో పెట్రోలు కారుకు కిలోమీటరుకు 8 రూపాయల పైచిలుకు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే కరెంటు కారుకు రూపాయిన్నర. బయట ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే మూడున్నర పైన. ఇది ఇంధనం ఖర్చు మాత్రమే. కారు ధర, ఇన్సూరెన్స్, లోను వడ్డీ కలిపితే బొమ్మ మారుతుంది, వాటి సంగతి కింద ఉంది.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

నెలకు 22 రోజులు ఆఫీసు, రోజుకు 50 కి.మీ. అంటే 1,100. శని, ఆదివారాలు ఇంకో వంద వేసుకుంటే 1,200 కి.మీ. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల 50 పైసలు అనుకున్నాను. నా పాత కారుకు కంపెనీ చెప్పిన మైలేజీ 18 పైన. సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట మీదుగా రోజూ తిరిగితే వచ్చింది 13. అంటే నెలకు 92 లీటర్లు, 9,900 రూపాయలు.

కరెంటు కారు గోడ ప్లగ్ నుంచి తీసుకునే ఒక యూనిట్‌కు నాకు సగటున 6 కి.మీ. వస్తోంది. గోడ ప్లగ్ దగ్గర అని ఎందుకు అంటున్నానంటే, డ్యాష్‌బోర్డు చూపించేది బ్యాటరీలోంచి ఖర్చయిన కరెంటు. మీటరు తిరిగేది అంతకంటే ఎక్కువ. చార్జింగ్ అవుతున్నప్పుడు కొంత వేడిగా పోతుంది. 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే 33, 34 యూనిట్లు కాలతాయి. చాలామంది డ్యాష్‌బోర్డు అంకెతోనే లెక్క వేసి, తరవాత బిల్లు చూసి మోసపోయామనుకుంటారు. మోసం ఏమీ లేదు, కొలిచిన చోటు తేడా.

1,200 కిలోమీటర్లకు 200 యూనిట్లు. యూనిట్ 9 రూపాయల 40 పైసలు చొప్పున 1,880 రూపాయలు. పెట్రోలు ఖర్చుతో పోలిస్తే నెలకు 8,000 తేడా.

కరెంటు యూనిట్ మూడు, నాలుగు రూపాయలే కదా? మీరు తొమ్మిది అంటారేం?

అందరూ తప్పు లెక్క వేసేది ఇక్కడే. షోరూమ్‌లో చూపించే కాగితం మీద కూడా యూనిట్ ధర తక్కువ రాసి ఉంటుంది. దయచేసి మీ ఇంటి కరెంటు బిల్లు తీసి పక్కన పెట్టుకుని ఇది చదవండి.

మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) బిల్లులో స్లాబులు ఉంటాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తరవాతి 100 యూనిట్లు 4.80 చొప్పున. 200 దాటితే మొత్తం లెక్కే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. 201 నుంచి 300 వరకు 7.70, 301 నుంచి 400 వరకు 9 రూపాయలు, 401 నుంచి 800 వరకు 9.50, ఆపైన 10 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వేరు.

ఇప్పుడు నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి తీసుకోండి. బిల్లు: 340 ప్లస్ 384, మొత్తం 724 రూపాయలు. కారు కోసం 200 యూనిట్లు కలిస్తే 380 యూనిట్లు. బిల్లు: 1,020 ప్లస్ 770 ప్లస్ 720, మొత్తం 2,510. పెరిగింది 1,786 రూపాయలు. అంటే కారు తాగిన ఒక్కో యూనిట్‌కు 8.93 పడింది. కారు రాకముందు ఇంటి సగటు యూనిట్ ధర 4 రూపాయలే. కానీ కారు వచ్చి పడేది ఆ సగటు మీద కాదు, బిల్లులో చివరి స్లాబు మీద. పైగా అది ఇంటివాళ్లను కూడా కింది స్లాబులోంచి పైకి లాగింది.

350 యూనిట్లు వాడే ఇంటికి, అంటే ఏసీ ఉన్న మాలాంటి ఇంటికి, అదే 200 యూనిట్లు కలిపితే 1,875 రూపాయలు పెరుగుతుంది. యూనిట్‌కు 9.37. అందుకే నేను 9.40 వేసుకున్నాను. ఇంత ఎక్కువ రేటు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయి అరవై పైసలు దాటలేదు. ధైర్యంగా ఎక్కువే వేసుకోండి, అప్పుడు బిల్లు వచ్చాక టెన్షన్ ఉండదు.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తున్న ఇళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. స్కూటీ చార్జింగ్ అయినా సరే, 200 గీత దాటితే ఆ నెల ఉచితం పోతుంది.

రాత్రిపూట చార్జింగ్ పెడితే రేటు తక్కువ పడుతుందా?

ఇళ్ల మీటర్లకు మన దగ్గర రాత్రి రేటు, పగటి రేటు అని వేరుగా లేవు. రాత్రి పెట్టడం వల్ల లాభం వేరే ఉంది. గీజరు, ఏసీ, వాషింగ్ మెషీన్ అన్నీ ఒకేసారి నడిచే సమయంలో కారు కూడా కలవదు కాబట్టి ఎంసీబీ పడిపోదు.

ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏ కారుకు ఎక్కువ నష్టం?

పెట్రోలు కారుకే, అదీ చాలా ఎక్కువ. ఏసీ వేసుకుని ఇంజిన్ నడుస్తూ నిలబడి ఉన్న కారు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. 80 నుంచి 107 రూపాయలు, ఒక్క అడుగు కదలకుండా. కరెంటు కారులో నిలబడి ఉన్నప్పుడు మోటారు తిరగదు. ఏసీ, లైట్లు, స్క్రీన్ అన్నీ కలిపి గంటకు ఒక యూనిట్, మన చివరి స్లాబులో 9 రూపాయల 50 పైసలు.

వాన పడిన సాయంత్రం హైటెక్ సిటీ నుంచి హబ్సిగూడకు రెండు గంటల పైన పట్టిన రోజులు నాకు లెక్కలేనన్ని. పాత కారులో అలాంటి రోజుల్లో స్క్రీన్ మీద మైలేజీ 9 కి పడిపోయేది. పెట్రోలు ముల్లు వంక చూస్తూ అద్దాలు దించి, ఏసీ ఆపేసి, ఆ పొగలో కూర్చునేవాణ్ని. ఇప్పుడు ఏసీ ఆపాల్సిన అవసరం రావడం లేదు. ఖర్చు లెక్కలో ఇది చిన్న అంకెగానే కనిపిస్తుంది. నాకు మాత్రం కారు మార్చినందుకు దొరికిన పెద్ద సుఖం ఇదే.

హైదరాబాద్‌లో ఆఫీసు ప్రయాణం అంటే దూరం కంటే సమయం ఎక్కువ. అందుకే వేరే ఊరివాళ్లు వేసిన లెక్కలు ఇక్కడికి సరిగ్గా అతకవు.

మరి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వెళ్లేవాళ్లకు?

వాళ్లకు తేడా తగ్గుతుంది. ఎల్బీనగర్ వైపు నుంచి ఔటర్ ఎక్కి గచ్చిబౌలిలో దిగేవాళ్ల పెట్రోలు కారు నిలకడగా 80, 90 మీద వెళ్తే 18 దాకా మైలేజీ ఇస్తుంది, కిలోమీటరుకు 6 రూపాయలు. కరెంటు కారు దీనికి వ్యతిరేకం. వేగం పెరిగేకొద్దీ గాలిని తోసుకుంటూ వెళ్లడానికే ఎక్కువ కరెంటు పోతుంది. 110 మీద లాగిస్తే యూనిట్‌కు 5 కి.మీ. వస్తే గొప్ప. కిలోమీటరుకు రూపాయి 90 పైసలు అనుకోండి. అయినా నాలుగు రూపాయలు మిగులుతుంది, సిటీలో మిగిలినట్టు ఆరున్నర మిగలదు. టోల్ ఇద్దరికీ ఉంటుంది.

ఎండాకాలంలో రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం) పడిపోతుందా?

పడుతుంది, భయపడేంత కాదు. మే నెలలో నాకు యూనిట్‌కు ఐదున్నర, డిసెంబర్‌లో ఆరున్నర వచ్చాయి. ఆఫీసులో ఎండలో నిలబెట్టిన బండి చల్లబడటానికి మొదటి పది నిమిషాల్లో ఏసీ గట్టిగా లాగుతుంది. సెల్లార్‌లో చోటు దొరికితే అక్కడే పెట్టండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. చార్జింగ్ పాయింట్‌కు ఎంత అవుతుంది?

మా ఫ్లాటు నాలుగో అంతస్తులో. అదృష్టం కొద్దీ మీటర్ బోర్డులన్నీ సెల్లార్‌లోనే ఉన్నాయి. మా మీటరు నుంచి మా పార్కింగ్ వరకు 20 మీటర్ల కేబుల్, దానికో పైపు, ఎంసీబీ, 15 ఆంపియర్ల సాకెట్, కారు యూనిట్లు విడిగా చూపించే సబ్ మీటరు. అంతా కలిపి 14,000 అయింది. మీ మీటరు పై అంతస్తులో ఉంటే, లేదా మీ పార్కింగ్ బిల్డింగ్‌కు అటు చివర ఉంటే, కేబుల్ పొడవును బట్టి ఇది రెండింతలు కావచ్చు. కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. ఏడెనిమిది గంటలపాటు ఆగకుండా కరెంటు పారే తీగ అది. సన్న తీగ వేస్తే వేడెక్కుతుంది.

పని అయిపోయిన సాయంత్రం చార్జర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. తీసి మళ్లీ పెట్టినా అంతే. కారు పాడైందేమోనని గుండె జారిపోయింది. ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి, నేరుగా జనరేటర్ వెనక ఉన్న ఎర్తింగ్ గుంత దగ్గరికి వెళ్లాడు. సిమెంటు మూత తీస్తే లోపల మట్టి పగుళ్లిచ్చి ఉంది. "సార్, ఎర్తింగ్ ఎండిపోయింది. నీళ్లు కొట్టాలె" అన్నాడు. వాచ్‌మన్ రెండు బకెట్లు తెచ్చి పోశాడు. అరగంట ఆగి పెడితే పచ్చ లైటు వచ్చింది. తరవాత అసోసియేషన్‌లో చెప్పి ఉప్పు, బొగ్గు వేయించి ఆ గుంతను సరిచేయించాం. ఎండాకాలం నాలుగు నెలలు వారానికోసారి నీళ్లు పోస్తున్నాం. కారు చార్జర్లు ఎర్తింగ్ సరిగా లేకపోతే పని చేయవు, అది మన ప్రాణానికే రక్ష. ఏళ్ల తరబడి ఆ బిల్డింగ్‌లో అన్ని ఫ్లాట్ల గీజర్లూ ఆ ఎండిన ఎర్తింగ్ మీదే నడిచాయని తెలిసి మా ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. మీరు కారు కొన్నా కొనకపోయినా మీ బిల్డింగ్ ఎర్తింగ్ ఒకసారి చూపించుకోండి.

అసోసియేషన్ ఒప్పుకోదేమో అని కొందరి భయం. మీ సొంత మీటరు నుంచి మీ సొంత పార్కింగ్‌కు లైను వేసుకుంటున్నప్పుడు కామన్ బిల్లు మీద రూపాయి భారం పడదని కాగితం మీద చూపించండి. మా దగ్గర సబ్ మీటరు చూశాకే నోళ్లు మూతపడ్డాయి. ఇంట్లో ఉన్న కనెక్షన్ నుంచే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. నలుగురైదుగురు యజమానులు ఉంటే వాహన చార్జింగ్ కోసం ఉన్న ఎల్‌టీ-9 కేటగిరీలో ఉమ్మడి కనెక్షన్ తీసుకునే ఆలోచన చేయండి. అందులో యూనిట్ 6 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీ అదనం. చివరి స్లాబు 9.50 తో పోలిస్తే ఇది మేలు.

మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌తో గంటకు 3 యూనిట్ల దాకా ఎక్కుతుంది. రోజుకు 50 కి.మీ. తిరిగేవాళ్లకు మూడు గంటలు చాలు. 7 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకు బిగించే వేగమైన చార్జర్) పెట్టాలంటే శాంక్షన్డ్ లోడ్ (మీ మీటరుకు అనుమతించిన కరెంటు పరిమితి) పెంచుకోవాలి, దానికి డిపాజిట్, చార్జీలు కట్టాలి. ఆఫీసు ప్రయాణానికి నాకు ఇంతవరకు ఆ అవసరం పడలేదు.

గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నాం, ఇంకేమైనా చూసుకోవాలా?

జనరేటర్. మీకు కరెంటుకు ఒక రేటు, జనరేటర్‌కు ఇంకో రేటు చూపించే మీటరు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు కారు జనరేటర్ మీద చార్జ్ అయితే యూనిట్ డీజిల్ రేటు పడుతుంది, లాభమంతా అందులోనే పోతుంది. పార్కింగ్ సాకెట్‌ను జనరేటర్ లైనుకు కలపవద్దని ముందే చెప్పండి.

పార్కింగ్‌లో ప్లగ్ పెట్టుకునే వీలే లేదు. బయట చార్జింగ్‌తో నెట్టుకురావచ్చా?

డబ్బు పరంగా వస్తుంది. బయట ఫాస్ట్ చార్జర్లలో జీఎస్టీతో కలిపి యూనిట్ 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటోంది. 22 అనుకుంటే నెలకు 4,000 చిల్లర. పెట్రోలులో సగం కంటే తక్కువే.

సమయం పరంగా ఆలోచించండి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాల నుంచి గంట. ముందు ఇంకో కారు ఉంటే ఇంకో గంట. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్‌లో కొంత డబ్బు ఇరుక్కుపోయి ఉంటుంది. ఒకసారి వానలో చార్జర్ సగంలో ఆగిపోయింది, డబ్బు మొత్తానికి కట్ అయింది. తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంటి దగ్గర గానీ ఆఫీసులో గానీ ప్లగ్ లేనివాళ్లకు నేను ఇప్పుడే కొనమని చెప్పను. ఆఫీసు సెల్లార్‌లో చార్జింగ్ ఉంటే అది వేరే సంగతి. కానీ ఎన్ని పాయింట్లున్నాయో, ఉదయం పదికి వెళ్తే దొరుకుతాయో లేదో ఒక వారం గమనించండి.

కరెంటు కారు ధర ఎక్కువ కదా, ఆ తేడా ఎన్నాళ్లకు వస్తుంది?

తెలంగాణలో దీనికి జవాబు రోడ్ ట్యాక్స్‌లో ఉంది. 2024 నవంబర్‌లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం కరెంటు వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ 31 వరకు. పెట్రోలు కారుకు ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 14 శాతం, 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే 17 శాతం లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్) అనుకున్నాను, ఆ రోజు రేటు చూసి మళ్లీ కట్టుకోండి.

ఉదాహరణకు షోరూమ్ ధర 11 లక్షల పెట్రోలు ఆటోమేటిక్, 14 లక్షల కరెంటు కారు తీసుకుందాం. షోరూమ్ ధరలో తేడా 3 లక్షలు. పెట్రోలు కారు మీద 1,87,000 ట్యాక్స్ పడుతుంది. రోడ్డెక్కేసరికి తేడా 1,13,000. చార్జింగ్ పాయింటు, కొంచెం ఎక్కువ ఇన్సూరెన్స్ కలిపి 1,40,000 అనుకోండి. నెలకు 8,000 మిగిలితే ఏడాదిన్నరలో వచ్చేస్తుంది. అదే మాఫీ లేకపోతే 14 లక్షల మీద 2,38,000 ట్యాక్స్ కలుస్తుంది, అప్పుడు నాలుగేళ్లకు దగ్గర పడుతుంది. మాఫీ గడువు తరవాత కొనేవాళ్లు ఈ అంకెను తప్పకుండా మళ్లీ చూసుకోవాలి.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 శాతం నుంచి 18 కి తగ్గింది. కరెంటు కార్లకు ముందు నుంచీ 5 శాతమే. అందువల్ల చిన్న కార్లలో ధర తేడా ఇదివరకటి కంటే పెరిగింది. పాత వీడియోల్లోని లెక్కలు నమ్ముకోకండి.

మా ఇల్లు కొండాపూర్, ఆఫీసు మాదాపూర్. నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగం.

అయితే తొందరపడకండి. 8 లక్షల చిన్న పెట్రోలు కారు, 15 మైలేజీ అనుకుంటే నెలకు 3,600 రూపాయలు. అదే సైజు కరెంటు కారుకు 780. మిగిలేది 2,800. 11 లక్షల కరెంటు కారు కొంటే ట్యాక్స్ మాఫీ పోను తేడా 1,88,000. అది రావడానికి ఐదేళ్ల పైనే. నడపడం హాయిగా ఉంటుందని, పొగ ఉండదని కొంటే కొనండి, అవి మంచి కారణాలే. డబ్బు ఆదా కోసమైతే మీకు అవసరం లేదు.

లోను మీద కొంటే?

ఎక్కువ పెట్టిన ప్రతి లక్షకూ వడ్డీ లెక్కేయండి. అదనంగా 3 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అయితే ఈఎంఐ 6,200 పైన. నెలకు మిగిలే 8,000 లో ముప్పాతిక వంతు అక్కడికే. ట్యాక్స్ మాఫీ వల్ల లోను తగ్గించుకోగలిగితేనే మొదటి నెల నుంచి చేతిలో డబ్బు కనిపిస్తుంది. లోను వడ్డీ మీద లక్షన్నర వరకు ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చిన 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. కొత్తగా తీసుకునేవాళ్లకు అది లేదు. ఉందని చెప్పి అమ్మేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు.

సర్వీసింగ్, టైర్లు?

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ఉండవు. కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఏసీ ఫిల్టర్, చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. నాకు ఏడాదికి 4,000 లోపు అయింది. పాత కారుకు 9,000 అయ్యేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే బండిని ఆపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి. బండి బరువు ఎక్కువ, తొక్కగానే లాగే బలమూ ఎక్కువ. సిగ్నల్ పడగానే ఎగిరి దూకే అలవాటుంటే సర్వీసింగ్‌లో మిగిలింది టైర్ల షాపుకు పోతుంది.

ఇన్సూరెన్స్, వాన నీళ్లు?

థర్డ్ పార్టీ ప్రీమియం కరెంటు వాహనాలకు 15 శాతం తక్కువ. కారు విలువ ఎక్కువ కాబట్టి సొంత డ్యామేజీ ప్రీమియం ఎక్కువ. రెండూ కలిపితే ఏడాదికి కొన్ని వేలు ఎక్కువే పడుతుంది. బ్యాటరీకి రక్షణ ఇచ్చే యాడ్ ఆన్ తప్పకుండా తీసుకోండి.

2020 అక్టోబర్ వరదలు చూసిన ఊరు మనది. చాలా కార్ల బ్యాటరీలకు ఐపీ67 రేటింగ్ ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా పరీక్షిస్తారు. రోడ్డు మీద నిలిచిన నీళ్లు దాటడంలో బ్యాటరీకి అది కొంత భరోసా. సెల్లార్‌లో రాత్రంతా మునిగిన కారుకు కాదు. మీ సెల్లార్‌లోకి నీళ్లు వచ్చే చరిత్ర ఉంటే సాకెట్‌ను ఛాతీ ఎత్తులో పెట్టించండి, భారీ వాన అన్న రోజు కారును పైకి తెచ్చేయండి.

బ్యాటరీ పోతే లక్షలు అంటున్నారు.

నిజమే, వారంటీ దాటాక పోతే లక్షల్లోనే. కానీ చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఇస్తున్నాయి. కొన్ని మోడళ్లకు మొదటి యజమానికి జీవితకాలం ఇస్తున్నాయి. నా లెక్కన ఏడాదికి 14,400 కి.మీ. ఎనిమిదేళ్లకు 1,15,000. ఆ లోపు పెట్రోలు మీద మిగిలేది 7 లక్షల పైన. రెండేళ్లలో నా బండి రేంజ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజూ 80 శాతం వరకే చార్జ్ చేస్తాను.

బ్యాటరీ అద్దెకు ఇచ్చే స్కీములు లాభమేనా?

2024 సెప్టెంబర్‌లో విండ్సర్ కారుతో ఎంజీ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. అప్పుడు చెప్పిన బ్యాటరీ అద్దె కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. నెలకు 1,200 కి.మీ. తిరిగితే అద్దె 4,200, కరెంటు 1,880, మొత్తం 6,080. కిలోమీటరుకు 5 రూపాయలు. పెట్రోలు కంటే తక్కువే, కానీ ఆదా సగానికి పడిపోయింది. మొదట పెట్టే డబ్బు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఒప్పందంలో ఉందేమో చదవండి.

పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నందుకు మైలేజీ తగ్గుతోందా?

కొంత తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం కలిపినదే. పాత కార్లలో ఎక్కువ తెలుస్తుంది.

సీఎన్‌జీ సంగతేంటి?

కిలో వంద రూపాయల లోపు, సిటీలో 20 కి.మీ. పైన వస్తుంది. కిలోమీటరుకు నాలుగున్నర, ఐదు. ప్లగ్ లేనివాళ్లకు ఇది మంచి మధ్య దారి. బంకు దగ్గర క్యూ, డిక్కీలో సిలిండర్ భరించగలగాలి.

కరెంటు కారు మెట్రో కంటే చవకా?

ఒక్కరే వెళ్లినా ఇంధనం ఖర్చు వరకే చూస్తే కరెంటు కారే చవక. మెట్రోలో ఎక్కువలో ఎక్కువ టికెట్ 75 రూపాయల లోపే. కానీ కారుకు ఇన్సూరెన్స్, లోను, అరుగుదల కలిపితే మెట్రోయే చవక. హబ్సిగూడ నుంచి రాయదుర్గం వరకు నీలం లైను నేరుగా ఉంది. వారానికి ఒకటి, రెండు రోజులు నేను దాన్నే పట్టుకుంటాను. పిల్లను స్కూలు దగ్గర దింపాల్సిన రోజు కారు తీస్తాను.

సొంత ఇల్లు ఉంది, సోలార్ పెడితే?

అప్పుడు మీ లెక్క నా లెక్క కంటే చాలా బాగుంటుంది. 3 కిలోవాట్ల సోలార్‌కు పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున నెలకు 350 దాకా వస్తాయి. కారు 200 తాగినా ఇంటికి మిగులుతుంది. పగలు మీరు ఆఫీసులో ఉన్నా నెట్ మీటరింగ్ వల్ల ఆ యూనిట్లు బిల్లులో తగ్గుతాయి. పై స్లాబులే ముందు కోసుకుపోతాయి కాబట్టి ఒక్కో యూనిట్ విలువ 9 రూపాయలు.

సంక్రాంతికి ఊరెళ్లాలంటే?

విజయవాడ 275 కి.మీ. మధ్యలో సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగాలి. మామూలు రోజుల్లో టిఫిన్ తినేలోపు పని అయిపోతుంది. పండగ ముందు రోజు మాత్రం చార్జర్ల దగ్గర క్యూ ఉంటుంది. రెండు రోజులు ముందే బయలుదేరడమో, ఆ ఒక్క ప్రయాణానికి బస్సు ఎక్కడమో చేయండి. ఏడాదికి రెండు ప్రయాణాల కోసం మిగతా 300 రోజుల ఖర్చు పెంచుకోకండి.

అమ్మితే ఎంత వస్తుంది?

పెట్రోలు కారు కంటే తక్కువ వస్తుంది, అది ఒప్పుకోవాలి. కొనేవాడికి బ్యాటరీ మీద అనుమానం, మోడళ్లు కూడా త్వరగా మారుతున్నాయి. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లకు ఈ నష్టం పెట్రోలు ఆదాను తినేస్తుంది. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లే కొనాలి.

మీ పాత పెట్రోలు కారు ఏం చేశారు?

నల్గొండలో మా నాన్నగారికి ఇచ్చాను. సంతకు, ఆసుపత్రికి, అప్పుడప్పుడు చుట్టాల ఊళ్లకు కలిపి నెలకు 250 కి.మీ. తిరుగుతారు. పెట్రోలుకు 1,700 అవుతుంది. మొన్న వచ్చినప్పుడు నా కారులో కూర్చుని, స్క్రీన్ అంతా నొక్కి చూసి, "బాగుందిరా, నాక్కూడా ఇలాంటిది చూడు" అన్నారు. కూర్చోబెట్టి ఈ లెక్కే చూపించాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పాత కారుకు కొత్త టైర్లు వేయించుకుని వెళ్లారు.